అత్త పొయ్యి, కోడలు పంపు

ఓద్వార్‌కి ఒకటే పిచ్చి. స్కారదాల్ లోయలో ఎవరింట్లో కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంప్ బిగించినా, దాని మీట నొక్కేలోపు చంకలో బర్చ్ కట్టెల మోపుతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు. ఎవరూ పిలవనక్కర్లేదు. గోడకి బెజ్జం వేస్తున్న చప్పుడు ఏ గట్టు మీంచి వినబడినా చాలు, టోపీ తగిలించుకుని బయల్దేరేవాడు. నార్వేలో చలికీ కొదవ లేదు, పంపులకీ కొదవ లేదు కాబట్టి, బస్సు డ్రైవరుగా రిటైరైన ఆ మనిషికి ఊపిరాడే తీరిక ఉండేది కాదు.

ఈ పిచ్చి సెగ అందరికంటే ఎక్కువగా తగిలింది హెర్దిస్‌కి. లోయలో పంపులు బిగించే పని ఆమెదే. నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, రిమోట్ ఎలా వాడాలో ఇంటివాళ్ళకి చెబుదామని నోరు తెరిచేసరికి, ఆయన అప్పటికే పాత ఇనప పొయ్యి ముందు గొంతుక్కూర్చుని అగ్గిపుల్ల గీస్తూ ఉండేవాడు.

"ముందు అత్తగారికి దణ్ణం పెట్టుకోవాలమ్మా. కోడలు ఆ తర్వాతే కాపరానికి రావాలి," అనేవాడు.

ఆయన లెక్కలో పొయ్యి అత్త, పంపు కోడలు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. మామూలు చలికి కోడలు చాలు, తక్కువ ఖర్చుతో ఇల్లంతా వెచ్చబెడుతుంది. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలిలో మాత్రం దానికి ఆయాసం వస్తుంది, అప్పుడు అత్త నడుం బిగించాలి. ఇద్దర్నీ ఎదురెదురుగా మాత్రం పెట్టకూడదట. అత్త ఎదురుగా మండిపోతుంటే ఇల్లు వెచ్చగానే ఉందనుకుని కోడలు కునుకు తీస్తుందనీ, పక్కగదిలో పిల్లలు వణికి చస్తారనీ చెప్పేవాడు. హెర్దిస్ శిక్షణలో నేర్చుకున్నదీ సరిగ్గా ఇదే. కాకపోతే ఆ పాఠంలో అత్తా లేదు, కోడలూ లేదు, అందుకే ఎవరికీ గుర్తుండేది కాదు. కొన్నాళ్ళకి ఆమె కూడా సిగ్గు విడిచి ఓద్వార్ పద్ధతిలోనే చెప్పడం మొదలుపెట్టింది.

అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఆయన వెళ్తూ వెళ్తూ పెట్టే షరతుతోనే. రోజూ పొద్దున్నే పొయ్యి వెలిగించాలి, చలి ఉన్నా లేకపోయినా. ఎందుకయ్యా అంటే ఇంటికో కారణం. చర్చి పక్కన ఉండే విధవరాలితో, పొగగొట్టం చల్లబడితే దానికి జలుబు చేస్తుందన్నాడు. అడవిలో కట్టె కొట్టే పాల్‌తో, గొట్టంలో ఎలుకలు సంసారం పెడతాయన్నాడు. హెర్దిస్ తన సొంత ఇంట్లో పంపు బిగించుకున్న రోజున, తోడు లేకపోతే పంపుకి దిగులు పుడుతుందన్నాడు.

"నిన్న పాల్ ఇంట్లో ఎలుకలన్నావు కదా బాబాయ్?" అంది హెర్దిస్.

"ఎలుకలకి మాత్రం దిగులుండదా?" అన్నాడు ఓద్వార్.

ఆయనతో వాదించడం కంటే పొయ్యి వెలిగించడమే త్వరగా తేలే పని. అందుకని హెర్దిస్ రోజూ పనికి బయల్దేరే ముందు తిట్టుకుంటూనే నాలుగు పుల్లలు వెలిగించేది.

ఇలా లోయనంతా లొంగదీసుకున్న మనిషి ఒక్క బోర్గిల్ద్ టీచరమ్మ దగ్గర మాత్రం పప్పులుడకక నిలబడ్డాడు. ఆవిడ ఆయనకి చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మనిషి. ఇప్పటికీ ఆవిణ్ణి చూస్తే ఆయన చేతులు, గోళ్ళు కనబడకుండా జేబుల్లోకి పోయేవి. ఎదుటి గట్టు మీద ఒక్కతే ఉండే ఆవిడ, పంపు పెట్టించుకున్నాక పొయ్యి పీకించేసి గొట్టం మూయించేస్తానంది. మోకాళ్ళ నొప్పులతో కట్టెలు మొయ్యలేననీ, బూడిదతో విసిగిపోయాననీ హెర్దిస్‌కి చెప్పింది. కబురు తెలిసి ఓద్వార్ పరుగున వచ్చాడు.

"టీచరమ్మా, గొట్టానికి జలుబు చేస్తుంది," అన్నాడు.

"గొట్టానికి ముక్కెక్కడుందిరా?"

"కట్టెలు నేను మోస్తానండి."

"బూడిదో?"

"అదీ నేనే ఎత్తిపోస్తా."

"మరి వెలిగించడం?"

అక్కడ మాత్రం ఆయన బిగుసుకుపోయాడు. "అది మీరే వెలిగించాలి."

"చూశావా హెర్దిస్, చిన్నప్పుడూ ఇంతే. లెక్క సగం చేసి కూర్చునేవాడు," అంది టీచరమ్మ. అక్కడితో మాటలు ముగిశాయి. పొయ్యి తీయించే రోజు మాత్రం ఆవిడ ఓద్వార్‌కి తెలియనివ్వలేదు.

ఆ రోజు హెర్దిస్ పనిముట్లతో పొద్దున్నే వెళ్ళింది. పొయ్యి ముందే చల్లగా ఉంచమని చెప్పింది కాబట్టి టీచరమ్మ వెలిగించలేదు. పంపు గాలికి ఇల్లు హాయిగా ఉంది. హెర్దిస్ పొయ్యి గొట్టం మరలు విప్పుతుండగా బయట మంచు మీద బరబరమని చప్పుడైంది. కాలితో తోసుకుంటూ పోయే స్లెడ్జి బండి ఒకటి గోడకి గుద్దుకుంది. తలుపు తట్టకుండానే ఓద్వార్ లోపలికొచ్చాడు. ఉన్ని లోదుస్తుల మీద కోటు, ఒక కాలికి బూటు, రెండో కాలికి ఇంట్లో వేసుకునే చెప్పు. టోపీ లేదు. కనుబొమల మీద మంచు పేరుకుంది.

టీచరమ్మ బల్ల దగ్గర కూర్చుని రొట్టె మీద బెల్లం రంగు జున్ను పెట్టుకుంటోంది. ఆయన ఆవిణ్ణి తల నుంచి కాళ్ళ దాకా చూసి, మెల్లగా గోడకి చేరబడ్డాడు.

"పొగ రాలేదు," అన్నాడు.

"రాదు. పొయ్యి తీయించేస్తున్నాను. పంపు నడుస్తోంది కదా, నీకేమిట్రా గాభరా?"

"మనిషి లేచినా లేవకపోయినా పంపు నడుస్తూనే ఉంటుంది టీచరమ్మా. పొయ్యి అలాక్కాదు. ఎవరో ఒకరు లేచి వెలిగిస్తేనే పొగ."

హెర్దిస్ చేతిలో పానా ఆగిపోయింది. పిల్లాజెల్లా ఉన్న ఇళ్ళలో ఓద్వార్ కట్టెలిచ్చి, అత్తాకోడళ్ళ కథ చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. రోజూ వెలిగించమనే షరతు పెట్టింది ఒంటిగా బతికేవాళ్ళకే. చర్చి పక్కన విధవరాలు, పాల్, టీచరమ్మ. ఆ తర్వాత తను. ఓద్వార్ వంటింటి కిటికీలోంచి చూస్తే ఈ గొట్టాలన్నీ కనబడతాయి. మీరు లేచారో లేదో రోజూ చూసుకుంటానని సూటిగా అడిగి ఉంటే ఒక్కరూ ఒప్పుకునేవారు కాదు, నీ పని చూసుకోమనేవారు. అందుకని ఆయన జలుబులూ ఎలుకలూ పుట్టించాడు. హెర్దిస్‌కి నవ్వొచ్చింది. ఇంత మంచితనాన్ని ఇంత పెంకితనం వెనక దాచగలిగిన మనిషిని ఆమె ఇంకెక్కడా చూడలేదు.

టీచరమ్మ లేచి రెండో కప్పులో కాఫీ పోసింది.

"కూర్చో. నిన్న నువ్వు ఆలస్యంగా వచ్చావు," అంది.

"ఎక్కడికండీ?"

"ఎక్కడికేమిట్రా. వేళకి రావలసిన నీ పొగ నిన్న రాలేదు. నేను బూట్లు తొడుక్కుని చేతికర్ర తీసుకున్నాక తీరిగ్గా వచ్చింది."

ఓద్వార్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయనా ఒంటిమనిషే. తన పొగ కోసం ఇంకొకరు చూస్తుంటారని ఆయనకి ఎన్నడూ తోచలేదు. చేతులు రెండూ జేబుల్లోకి పోయాయి.

"బెరడు తడిసిందండీ, అంటుకోలేదు," అన్నాడు.

"సాకులు అప్పుడూ ఇవే," అంది ఆవిడ. కాసేపు రొట్టె నమిలి మళ్ళీ అంది, "హాజరు నేను తీసుకోవడమే గాని, నా హాజరు కూడా ఒకడు తీసుకుంటున్నాడని నాకేం తెలుసు. హెర్దిస్, ఆ గొట్టం మళ్ళీ బిగించెయ్యమ్మా. కట్టెలూ బూడిదా వీడివి. అగ్గిపుల్ల నాది."

మర్నాడు పొద్దున చలి అంతగా లేదు. హెర్దిస్ ఇంట్లో కోడలు ఒక్కతే ఇల్లంతా చక్కబెట్టేస్తోంది. అయినా ఆమె తిట్టుకోకుండా పొయ్యి వెలిగించింది. పొగ బాగా కనబడాలని పైన ఒక పచ్చికట్టె కూడా పెట్టింది. కాఫీ చల్లారకముందే ఫోన్ మోగింది.

"పచ్చికట్టె కాలుస్తున్నావేమ్మా? అత్తగారికి దగ్గు రాదూ?" అన్నాడు ఓద్వార్.

ఆమె కిటికీలోంచి చూసింది. ఆయన ఇంటి మీద పొగ లేచింది, ఎదుటి గట్టు మీద టీచరమ్మ పొగ కూడా లేచింది.

"హాజర్ బాబాయ్," అంది హెర్దిస్.