పడవలో రాళ్లు, సూర్యలంక ఇసుక

అరవైల చివర్లో నేను రేపల్లె నుంచి తెనాలి కాలేజీకి రోజూ పాసింజరు బండిలో వెళ్లివచ్చేదాన్ని. కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో బొగ్గు నలుసు పడేది. అయినా ఆ చోటే కావాలని పోట్లాడుకునే వయసు మాది. నాతోపాటు రేపల్లెలో పాస్టరుగారమ్మాయి ఎక్కేది. భట్టిప్రోలులో బియ్యం మిల్లువారమ్మాయి ఎక్కేది. ముగ్గురం బియస్సీ ఒకే క్లాసు. పాస్టరుగారమ్మాయి ఏ మాటైనా కాస్త ఆగి, ఆలోచించి చెప్పేది. మిల్లువారమ్మాయికి ఆగడమంటే ఏమిటో తెలియదు. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసేది.

ఆడవాళ్ల పెట్టెలో మాతోపాటు ఒక నర్సమ్మగారు కూడా వచ్చేవారు. వేమూరులో దిగిపోయేలోపు మాకు ఒక పొడుపు కథైనా వేసేవారు. ఒకరోజు ఇలా అడిగారు:

"కాళ్లు లేకపోయినా కాలవ దాటుద్ది, నోరు లేకపోయినా ఊరంతటినీ లేపుద్ది. ఏంటో చెప్పండమ్మాయ్!"

"మిల్లు కూత!" అంది మిల్లువారమ్మాయి ఠక్కున.

పాస్టరుగారమ్మాయి ఆగి, "చర్చి గంట కదండీ?" అంది.

"నేననుకుంది గుడి గంట. మీ రెండూ ఒప్పే. పొడుపు కథకి ఎన్ని విడుపులైనా ఉండొచ్చు" అని నర్సమ్మగారు సంచీ సర్దుకుని దిగిపోయారు.

ఆ మాట పాస్టరుగారమ్మాయికి నచ్చలేదు. ప్రశ్న అంటే ఒకే జవాబు ఉండాలి అంది. మర్నాడు అలాంటి ప్రశ్న ఒకటి పట్టుకొచ్చింది.

"చెరువులో పడవుంది. పడవ నిండా రాళ్లున్నాయి. ఆ రాళ్లన్నీ తీసి చెరువులో పడేస్తే నీటిమట్టం పెరుగుద్దా, తగ్గుద్దా, అట్టానే ఉంటదా?"

"పెరుగుద్ది" అంది మిల్లువారమ్మాయి. "నీళ్లలో రాయేస్తే పెరగక ఏం చేసుద్ది?"

నేను అట్టానే ఉంటుందన్నాను. పడవలో ఉన్నా, నీళ్లలో ఉన్నా రాయి చెరువులోనే ఉంది కదా అని నా లెక్క. పాస్టరుగారమ్మాయి మాత్రం తగ్గుతుందంది. ఆ మాటకు పెట్టెలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. కూరగాయల గంపతో కింద కూర్చున్న ఒకావిడ, "రాళ్లు నీళ్లు తాగుతాయేంటమ్మా?" అంది. నర్సమ్మగారు నా పక్షం. తెనాలి వచ్చేసరికి పెట్టె మూడు ముక్కలైంది.

అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రం బండిలో కూడా అదే గోల.

"మా మిల్లు రేవులోకి ధాన్యం పడవలు రోజూ వస్తాయే. నేను కళ్లతో చూసేదాన్ని. నువ్వేమో పుస్తకంలో బొమ్మ చూసి చెబుతున్నావు" అంది మిల్లువారమ్మాయి.

"పడవని చూశావు. నీళ్లెంత ఉన్నాయో ఒక్కసారన్నా చూశావా?"

మిల్లువారమ్మాయి లేచి ఎదురు బల్ల మీదికి మారిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నేను టపా మోసేదాన్ని. "రికార్డు తెచ్చిందేమో అడగవే" అని ఒకరంటే, పక్కనే ఉన్న రెండోవారు వినీ విననట్టు కూర్చునేవారు. నేను మళ్లీ అదే మాట అడగాలి, మళ్లీ జవాబు మోసుకురావాలి. విసుగొచ్చి, "ఆదివారం మా ఇంటికి రండి. బాల్చీలో తేల్చుకుందాం" అన్నాను.

ఇద్దరూ వచ్చారు. పెరట్లో బాల్చీలో ముప్పాతిక దాకా నీళ్లు తోడి, అందులో ఇత్తడి గిన్నె తేల్చాం. అదే పడవ. గిన్నెలో ఇనుప తూకపు రాళ్లు పెట్టాం. నీరు ఎంతవరకు వచ్చిందో గుర్తు పెట్టడానికి సుద్ద పనికిరాలేదు, తడికి కరిగిపోయింది. నేను లోపలికెళ్లి కాటుక భరిణె తెచ్చాను. ఆముదంతో నూరిన కాటుక, కడిగినా పోదు. వేలితో గీత గీశాం. తర్వాత రాళ్లు ఒక్కొక్కటే తీసి నెమ్మదిగా నీళ్లలోకి జారవిడిచాం. గిన్నె తేలికై పైకి లేచింది. నీరు కాటుక గీతకన్నా కిందికి దిగింది.

ముగ్గురం వంగి చూస్తున్నాం. మా నాయనమ్మ వసారాలోంచి, "ఆ బాల్చీకి మొన్ననే మాట్లు వేయించాం. కారుతుందేమో చూడండే" అంది.

"అదీ సంగతి! కారుద్ది!" అని మిల్లువారమ్మాయి ఎగిరి గంతేసింది. వెంటనే బాల్చీని ఎత్తి కింద పొడి గుడ్డ పరిచింది. మళ్లీ మొదటినుంచీ తన చేత్తోనే చేసింది. నీరు మళ్లీ దిగింది. గుడ్డ తీసి చేత్తో తడిమింది. పొడిగా ఉంది.

"రాయి పడవలో ఉన్నప్పుడు తన బరువుకి సరిపడా నీళ్లని పక్కకి నెడుతుంది. మునిగాక తన సైజంతే నెడుతుంది. రాయి సైజు తక్కువ, బరువెక్కువ కదా" అంది పాస్టరుగారమ్మాయి మెల్లగా.

నాయనమ్మ మజ్జిగ ఇస్తే, "వద్దండీ, బండికి టైమైంది" అని మిల్లువారమ్మాయి వెళ్లిపోయింది. బండికి ఇంకా చాలా టైముంది.

సోమవారం పాస్టరుగారమ్మాయి ఒక్క పని చేయకుండా ఉండాల్సింది. బాల్చీ కథ పెట్టె అంతటికీ వినిపించింది, గుడ్డ తడమడంతో సహా. ఆమె అంత హుషారుగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. అందరూ నవ్వారు. బండి భట్టిప్రోలు చేరేసరికి ఇంకా నవ్వుతూనే ఉన్నారు. తలుపు దగ్గరికి వచ్చిన మిల్లువారమ్మాయి ఆ నవ్వు విని వెనక పెట్టెలోకి వెళ్లిపోయింది. చాలా రోజులు అలాగే ప్రయాణం చేసింది. కిటికీ చోటు నాకే దొరికేది గానీ, బయట చూడటానికి ఏమీ లేదనిపించేది.

చలికాలంలో కాలేజీవాళ్లు మమ్మల్ని సూర్యలంక తీసుకెళ్లారు. బాపట్ల దాకా రైలు, అక్కడినుంచి బస్సు. సముద్రం కనబడగానే అందరూ పరుగెత్తారు. మిల్లువారమ్మాయి మాత్రం మాకు దూరంగా, అల వెనక్కి తగ్గిన తడి ఇసుకలో ఒక్కతే నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగింది. కాలు ఎత్తింది, మళ్లీ వేసింది. ఇంకో చోట వేసింది. తర్వాత కోపం సంగతే మర్చిపోయి కేకేసింది:

"ఏయ్! ఇట్టా రండే! ఇది చూడండి!"

పరుగెత్తాం. అద్దంలా మెరుస్తున్న తడి ఇసుకలో పాదం ఆనించగానే దాని చుట్టూ ఇసుక పొడిబారిపోతోంది. క్షణంలో తెల్లటి చట్రంలాగా అవుతోంది. కాసేపటికి మళ్లీ తడెక్కుతోంది.

"తడిబట్ట పిండితే నీళ్లు బయటికొస్తాయి. తొక్కితే ఇది కూడా నీళ్లు కక్కాలి. పొడిబారుద్దేంటే?" అంది మిల్లువారమ్మాయి.

"ఒంటి వేడికేమో" అంది పాస్టరుగారమ్మాయి. ఈసారి ఆగకుండానే అంది. చెప్పు తెచ్చి దాంతో నొక్కాం. అప్పుడూ అంతే. వేడి కాదు.

ఫిజిక్సు సారు దగ్గరికెళ్లాం. ఒడ్డున గొడుగు వేసుకుని కూర్చున్నారు. "ఒత్తిడికి నీళ్లు కిందికి పోతాయమ్మా" అన్నారు.

"ఒత్తితే పైకి రావాలి కదండీ?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆయన గొడుగు మూసి లేచారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి తడి ఇసుకలోకి వచ్చారు. ఇటు తొక్కారు, అటు తొక్కారు. చివరికి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నిజమేనమ్మా. నాకు తెలియదు" అన్నారు.

సారుకే తెలియదన్న సంతోషంలో మేం ముగ్గురం చేతులు పట్టుకుని ఇసుకంతా తొక్కాం. పులిహోర పొట్లాలు పంచుతున్నారని ఎవరో పిలిచినా వినలేదు. వెళ్లేసరికి ఒక్క పొట్లమే మిగిలింది. దాన్నే ముగ్గురం తిన్నాం. అందులో జీడిపప్పు మిల్లువారమ్మాయి ఏరి పాస్టరుగారమ్మాయి చేతిలో పెట్టింది. సాయంత్రం బండిలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. టపా ఉద్యోగం నాకు తప్పింది.

చదువులయ్యాక తలో దిక్కయ్యాం. పాస్టరుగారమ్మాయి బాపట్లలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరైంది. మిల్లువారమ్మాయి తెనాలి కోడలైంది. అత్తగారిదీ మిల్లే. నేను తెనాలిలోనే ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. డెబ్బైల మధ్యలో ఒక శనివారం పొద్దున్నే మిల్లువారమ్మాయి మా ఇంటి ముందు రిక్షా దిగింది.

"పదవే, బాపట్ల వెళ్దాం. ఇసుక సంగతి తెలిసింది!"

ఆఫీసుకు సెలవు పెట్టించి మరీ లాక్కెళ్లింది. బడిలో, టీచర్ల గదిలో కూర్చోకముందే మొదలుపెట్టింది.

"కుంచంలో బియ్యం పోసి కుదేస్తే ఏమవుద్ది?"

"దిగుతాయి" అంది పాస్టరుగారమ్మాయి.

"అట్టా కుదేసిన బియ్యంలో చెయ్యి పెట్టి కదిపితే?"

"పైకి పొంగుతాయి."

"గింజల మధ్య సందులు పెరిగాయి, అందుకని! అలలు ఇసుకని రోజంతా కుదేసి ఉంచుతాయి. మనం కాలేస్తే ఇసుక కదిలి సందులు పెరుగుతాయి. పైనున్న నీళ్లు ఆ సందుల్లోకి దిగిపోతాయి. అందుకే పైన పొడి!"

పాస్టరుగారమ్మాయి ఆగింది. చాలాసేపు ఆగింది. నాకు భయమేసింది. చివరికి, "అంతే. అదే అయ్యుంటుంది" అని లేచి, ఒక పెద్ద రబ్బరు బుడగ, గాజు గొట్టం తెచ్చింది. బుడగలో తడి ఇసుక కూరి, సిరా కలిపిన నీళ్లు పోసి, మూతికి గొట్టం కట్టింది. దాన్ని పట్టుకుని ముగ్గురం క్లాసులోకి వెళ్లాం.

"నొక్కితే గొట్టంలో నీళ్లు పైకొస్తాయా, కిందికెళ్తాయా?"

"పైకండీ!" అని పిల్లలంతా అరిచారు.

నొక్కింది. నీలం నీళ్లు సర్రున కిందికి దిగాయి. పిల్లలు బెంచీలెక్కారు. ప్రతి ఒక్కరూ నొక్కి చూస్తామన్నారు. మిల్లువారమ్మాయి బుడగ పట్టుకుని వరుసగా అందరిచేతా నొక్కించింది, తర్వాత తనే మళ్లీ మళ్లీ నొక్కింది. బుడగ ఫట్టుమంది. సిరా, ఇసుక నా చీర మీద.

ఆ చప్పుడుకి హెడ్మిస్ట్రెస్ గారు వచ్చారు. "ఏంటండీ ఇదంతా?"

"సైన్సండీ" అంది మిల్లువారమ్మాయి, చేతులు వెనక్కి పెట్టుకుని.

ఆవిడ నా చీర వైపు, బెంచీల మీదున్న పిల్లల వైపు చూశారు. "సరే, పంపు వెనక వైపుంది" అని వెళ్లిపోయారు. మేం ముగ్గురం పంపు దగ్గర నా చీర కుచ్చెళ్లు ఉతికాం. సిరా పూర్తిగా పోలేదు. తడి చీరతోనే పాస్టరుగారమ్మాయి ఇంటికెళ్లి భోంచేసి, సాయంత్రం బండికి మేమిద్దరం తెనాలి వచ్చేశాం.