మాల్యాద్రి గొట్టం

ఆత్మకూరు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మాల్యాద్రి సంచిలో ఎప్పుడూ జానెడు వెదురు గొట్టం ఉంటుంది. వాళ్ల నాయన గొర్రెలకు మందు తాపిన గొట్టం అది. పీహెచ్‌డీ దేనిమీద చేశావని ఎవరడిగినా, ఉదయగిరి బస్సులోనైనా సరే, దాన్ని తీసి ఎత్తి పట్టుకుంటాడు. "ఇట్లాంటిదే, కార్బన్‌ది. వెంట్రుక మందంలో యాభైవేలో వంతు. మందుని నేరుగా క్యాన్సర్ గడ్డ కాడికే మోసుకుపోతాది. జుట్టు ఊడదు, వాంతులుండవు." గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద తప్ప దాన్ని ఎక్కడా వాడలేదని మాత్రం చెప్పడు. ఎవరూ అడగరు కూడా.

మొన్న అదే బస్సులో వాళ్ల ఊరి రోశమ్మ పక్కకొచ్చి కూర్చుంది. రొమ్ములో గడ్డకు నెల్లూరులో కీమో సూదులు వేయించుకునే మనిషి. తల మీద కొంగు తీసి, అంగుళం మేర మొలిచిన జుట్టు చూపించింది.

"సూదులు మానేసి రెండు నెలలాయ. నీ గొట్టం మందు వచ్చిందాకా ఆగుదామని."

మాల్యాద్రి సంచిని సీటు కిందికి తోశాడు. "అది ఇంకా మనుషులకు రాలేదు పిన్నమ్మా. రేపే నెల్లూరు పోదాం, నేనూ వస్తా," అన్నాడు తల వంచుకుని.

రోశమ్మ అతని చెయ్యి తట్టింది.

"ఆ మందు నిదానంగానే చెయ్యి నాయనా. నాకేం తొందర లేదు."