గ్రహాల వరుసలో చోటు దొరకని ప్రశ్న

మా చిన్నప్పుడు... ఇల్లెందు అడవి అంచున, బొగ్గుబాయిల కాలనీ బడిలో, పదో తరగతి గది నేల మీద నలభై మూడు చీటీలు పరుచుకుని కూర్చున్నాను. మర్నాడు హైదరాబాదు నుంచి ఒక ఖగోళ శాస్త్రవేత్త వస్తున్నారు. పిల్లలు ఆయనను అడగదలచిన ప్రశ్నలను క్రమంలో పెట్టే బాధ్యతను సైన్సు సారు నాకు అప్పగించారు.

నాకు జాబితాలంటే ప్రాణం. ఇంట్లో గూట్లోని సీసాలకూ, దండెం మీది బట్టలకూ కూడా పట్టీ రాసి పెట్టుకునేవాణ్ణి...

నేను ఎంచుకున్న క్రమం సూర్యుని నుంచి దూరం. బుధుని ప్రశ్నలు ముందు, ప్లూటో ప్రశ్నలు చివర. అప్పటికి గ్రహాలు తొమ్మిది.

ఒక్క చీటీ మాత్రం ఎక్కడా ఇమడలేదు. అది మా పక్క క్వార్టర్‌లో ఉండే కరుణది. (పేర్లు మార్చి రాస్తున్నాను.) "ఈ పని చేసేటోళ్లల్ల బాయి కార్మికుల ఆడపిల్లలు ఉంటరా సార్? ఉంటే టెన్త్ తర్వాత ఏం చదవాలె?"

"ఇది ఏ గ్రహం కిందికీ రాదు" అన్నాను.

"రాకపోతే ఏంది? ముందట పెట్టు శ్రీనూ. మా నాయిన ఫస్టు షిఫ్టు దిగి సక్కగ బడి గేటు కాడికే వస్తడు. సారు అవునంటే ఖమ్మంల ఇంటర్ చదివిస్తనన్నడు. లేకుంటే టెన్త్‌తోనే బందు."

"వరుస తప్పుతది."

"నీ వరుసల మన్నువడ!" అని నవ్వుతూనే చీటీ నా చేతిలో పెట్టింది.

దానిని ప్లూటో తర్వాత, అన్నిటికన్నా అడుగున పెట్టాను.

మర్నాడు శాస్త్రవేత్త వచ్చారు. సన్నని మనిషి, మెత్తని మాట. చీటీ అందించడం నా పని, రాసినవారు లేచి అడగడం పద్ధతి. బుధుడు, శుక్రుడు తొందరగానే గడిచిపోయారు. అంగారకుని దగ్గర ఆగిపోయాము.

"అంగారకుని మీద బొగ్గుంటదా సార్? ఉంటే మా నాయినను ఆడికి ట్రాన్స్‌ఫర్ చేస్తరా?" అని ఒకడు అడిగాడు.

"గీ బాయికే సైకిల్ తొక్కలేక సస్తుండు మీ నాయిన, ఆడికెట్ల పోతడు రా!" అని వెనుక బెంచీ నుంచి ఇంకొకడు.

శాస్త్రవేత్త కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు. అడవి పెరగని చోట బొగ్గు పుట్టదని, మా నాయినలు తవ్వుతున్నది ఏనాటిదో అడవినేనని ఓపికగా చెప్పారు. ఆ ఒక్క ప్రశ్నకు అరగంట పట్టింది... అంత చక్కని అరగంట ఆ బడిలో నేను మరొకటి ఎరుగను.

శని గ్రహం దగ్గరికి వచ్చేసరికి సైన్సు సారు గడియారం చూశారు. నాలుగున్నర బస్సు తప్పితే వచ్చిన అతిథికి ఖమ్మంలో రైలు అందదు. "మిగిలినవి ఉత్తరం రాయండి, తప్పక జవాబిస్తాను" అని శాస్త్రవేత్త లేచారు. రెండో వరుసలో కరుణ చేయి సగం లేచి, దిగిపోయింది.

గేటు దగ్గర కరుణ తండ్రి దానియేలు మామ నిలబడి ఉన్నాడు. స్నానం చేసిన తల ఇంకా తడిగానే ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఏమన్నడు బిడ్డా సారు?"

"నాది అడగనే లేదు నాయినా."

"గంతమంది పిల్లలయి అడిగిండ్రు... నీదొక్కటే పనికిరాకపాయెనా?"

ఆ మాటలో కోపం లేదు. మూడడుగుల దూరంలో మిగిలిన చీటీలు పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. తప్పు నాదని ఒక్క మాట అంటే సరిపోయేది... అనలేదు.

పరీక్షల తర్వాతే ఆ చీటీలను శుభ్రంగా తిరగరాసి పోస్టు చేశాను. జవాబు దసరా దాటాక వచ్చింది. మొదటి వాక్యం ఇది: "చివరి ప్రశ్నతో మొదలుపెడుతున్నాను. అమ్మా కరుణా, తప్పకుండా ఉంటారు. ఇంటర్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం తీసుకో..."

అప్పటికి కరుణ అశ్వారావుపేటలో మేనత్త ఇంట్లో ఉంది. పెండ్లి ఖాయమైంది.

ఉత్తరాన్ని దానియేలు మామకు చదివి వినిపించాను. "మల్లొక్కపారి చదువు" అన్నాడు. చదివాను. "దానికి చెప్పకు రా శ్రీనూ. ఇప్పుడు చెప్తే దాని పానం నిలవదు" అన్నాడు.

ఊరుకున్నాను. నా చదువూ పదితోనే ఆగింది. గ్రహాల గురించి ఆ తర్వాత తెలుసుకున్నదంతా లైబ్రరీ పుస్తకాల నుంచి ఒంటరిగా నేర్చుకున్నదే. కరుణ ఆయిల్‌పామ్ తోటల్లో కూలికి వెళ్తోందని వింటూనే ఉన్నాను. ఇక ఆలస్యమైపోయింది కదా అనుకున్నాను... ముప్పై ఏళ్లు.

పోయిన నెలలో దానియేలు మామ చనిపోయాడు. సమాధి ప్రార్థన అయ్యాక ఆ ఉత్తరం కరుణ చేతిలో పెట్టాను. ఆనాడు ఆమె చీటీని నేనే అడుగున పెట్టానని చెప్పాను. ఆమె అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ చదివింది. తిట్టలేదు.

"నా ప్రశ్ననే సక్కగ లేదనుకున్న ఇన్నొద్దులు..." అంది. ఉత్తరం మడుస్తూ, "మా నాయినకు ఇది తెల్సా శ్రీనూ?" అని అడిగింది.

"తెల్వదు" అన్నాను.

"అవ్. తెలిస్తే ఊకుంటుండెనా... ఎట్లన్న చేసి పంపేటోడు."

అబద్ధమే చెప్పాను. తండ్రిని అప్పుడే మట్టిలో పెట్టి వచ్చిన మనిషికి నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు అదే బడిలో పిల్లలు తెర మీద శాస్త్రవేత్తలను చూస్తూ ఎవరి ప్రశ్న వారే అడుగుతున్నారు. మధ్యలో నాలాంటివాడి అవసరం లేదు... సంతోషమే.

మీ తరగతిలోనూ ఒక ప్రశ్న అడగకుండానే మిగిలిపోయినవారు ఎవరైనా ఉండే ఉంటారు. గుర్తుంటే ఇక్కడ రాయండి. వారికి మీరు చెప్పవలసినది ఏమైనా ఉంటే ఈ రోజే వెళ్లి చెప్పండి... అడిగితే నిజం చెప్పడానికి దానియేలు మామలాంటివారు ఇంకా బతికి ఉండగానే.