మాస్టారి ఆఖరి సైగ

ఒదిల్ పెర్రినో పారిస్ శివార్లలోని మోంత్రెయి హైస్కూల్లో పిల్లలకు లాటిన్ చెప్పేది. పిల్లలు నేర్చుకునేవారు కాదు, అది వేరే సంగతి. ఆమె ప్రాణమంతా గురువారం మధ్యాహ్నాల మీదే ఉండేది. ఆ రోజు మెట్రో ఎక్కి సేన్ నది దాటి, పారిస్ మేధావులంతా గుమిగూడే పేటలో ఒక ఇరుకు మేడ గదికి వెళ్ళి, వెర్దొలే మాస్టారి ఎదుట కూర్చునేది.

వెర్దొలే గారు మహా తత్వవేత్త. ఎంత గొప్పవారంటే ఆయన చెప్పేది ఎవరికీ అర్థమయ్యేది కాదు. కొన్నాళ్ళుగా చెప్పడం కూడా మానేశారు. వచ్చి కుర్చీలో వాలి, చక్కెర అద్దిన చిట్టి బన్నులు రెండు నోట్లో వేసుకుని, కళ్ళు అరమూసి రెండు గంటలు మౌనంగా ఉండేవారు. శిష్యులు ఆ మౌనాన్నే పేజీలకు పేజీలు రాసుకునేవారు.

"ఈ వారం ఏం చెప్పాడే మీ మాస్టారు?" అని అడిగేది అక్క మార్తిన్.

"ఏమీ చెప్పలేదక్కా. అదే ఆయన గొప్ప."

"మా ఆయనా భోజనాల దగ్గర నోరు మెదపడు. ఆయన ముందు ఎవరూ కుర్చీలేసుకుని కూర్చోరేమే మరి?"

ఒదిల్‌కి ఒళ్ళు మండేది. ఆ గదిలో "నాకు అర్థం కాలేదు" అన్న మాట బూతుకన్నా హీనం. ఒక ఇంజనీరు ఒకసారి అన్నాడు, తర్వాతి వారానికి అతని కుర్చీయే మాయమైంది. క్లాసయ్యాక అసలైన శిష్యులు కింది కాఫీ హోటల్లో ఒక గుండ్రబల్ల చుట్టూ కూర్చునేవారు. పదకొండేళ్ళుగా ఒదిల్ కౌంటరు దగ్గర నిలబడే కాఫీ తాగుతోంది. ఆ బల్ల దగ్గర ఒక్క కుర్చీ దొరికితే చాలు, ఆమె జన్మ తరించేది.

ఆ గురువారం రెండో బన్ను నోట్లో వేసుకున్నాక మాస్టారి మొహం కందగడ్డలా అయింది. కళ్ళు పెద్దవి చేసి నీళ్ళ కూజా వైపు చెయ్యి చాచారు. వేళ్ళు తెరుస్తున్నారు, మూస్తున్నారు.

"చూశారా, ఆ వేళ్ళు!" అన్నాడు పెద్ద శిష్యుడు లుదొవిక్ మార్సాన్. తలలన్నీ ఒక్కసారి కాగితాల మీదికి వంగాయి.

ఒదిల్ చెయ్యి కూజా పక్కనున్న గ్లాసు దాకా వెళ్ళింది. లుదొవిక్ కొరకొర చూశాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మాస్టారి చెయ్యి ఒళ్ళో పడింది, తల వాలింది. ఆనాటి మౌనమంత లోతైన మౌనం మునుపెన్నడూ లేదని అందరూ ఒప్పుకున్నారు. చివర్లో చప్పట్లు కొట్టి, ఆయన ధ్యానం చెడకుండా మునివేళ్ళ మీద నడుచుకుంటూ కిందికి దిగిపోయారు. గది ఊడవడానికి వచ్చిన ఆవిడ కెవ్వున అరిస్తే గానీ సంగతి బయటపడలేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ బోర్దనావ్ అందరినీ అదే గదిలో కూర్చోబెట్టాడు.

"బన్ను గొంతుకి అడ్డం పడింది, క్లాసు మొదట్లోనే పోయాడు అంటున్నాడు డాక్టరు. ఇంతమంది ఎదురుగా కూర్చుని ఒక్కరూ లేవలేదంటే ఏమనుకోవాలి? కూడబలుక్కుని చంపారా?"

"చంపడమంటే ఏమిటో ముందు తేల్చుకుందాం," అన్నాడు లుదొవిక్.

"తేల్చుకుందాం బాబూ. నా రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది. ఆయన చెయ్యి ఎందుకు చాచాడు?"

"కోరికకి హద్దు గీశారు," అన్నాడొకడు.

"కాదు, హద్దుకే కోరిక పుట్టించారు," అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు. కానిస్టేబులు విడదీయాల్సి వచ్చింది.

లుదొవిక్ ఒదిల్ చెవిలో చెప్పాడు: "అదొక సంజ్ఞ అను, చాలు. సాయంత్రం మా బల్ల దగ్గర నీకు కుర్చీ వేయిస్తాను."

కుర్చీ అనేసరికి ఆమెకి సిగ్గు లేకుండా ఆశ పుట్టింది. ఆ ఆశ మీద ఆమెకే అసహ్యం వేసింది.

"నీళ్ళడిగారండీ," అంది ఇన్‌స్పెక్టర్‌తో.

"మీకెలా తెలుసు?"

"కూజా వైపే చెయ్యి చాచారు. మా క్లాసులో పిల్లలకి పొలమారినా అలాగే చేస్తారు. నేను గ్లాసు అందుకోబోయాను కూడా."

"మరి ఇవ్వలేదేం?"

"అందరూ రాసుకుంటున్నారు. అంత తేలిగ్గా నాకు బోధపడిందంటే అది తప్పే అయ్యుంటుందనుకున్నాను." ఒదిల్ వెక్కివెక్కి ఏడ్చింది.

లుదొవిక్ నిట్టూర్చాడు. "పదకొండేళ్ళు కూర్చుని నేర్చుకున్నది ఇదా ఒదిల్? మరీ ఇంత పైపైన చూస్తే ఎలా?"

"ఆయన మన మొహాలు ఒక్కొక్కటే చూశారు లుదొవిక్. ఎవరైనా లేస్తారేమోనని చూశారు," అంది ఒదిల్.