అత్తమ్మ తీయని ఒట్టు

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున, నేను బడికి తయారవుతుండగా వనపర్తి నుంచి మా తోడికోడలు ఫోన్ చేసింది. "అక్కా, అత్తమ్మ లేస్తలేదు," అంది. ఎంతసేపటి నుంచి అని అడిగాను. "చాయ పట్టుకొని పోయిన. పిలిస్తె పలుకుతలేదు. ఒళ్లు సల్లగుంది అక్కా," అని ఏడ్చింది. మధ్యాహ్నానికల్లా గద్వాలకు, మా ఇంటికి తీసుకొచ్చారు. నిద్రలోనే పోయింది, ఎవరి చేతా చాకిరీ చేయించుకోలేదు, అదృష్టవంతురాలు అని వచ్చినవాళ్లందరూ అన్నారు. నేనూ అవునన్నాను. పదకొండో రోజు దాకా నాకు ఆమె కోసం ఏడుపు తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు కోపం ఉంది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకుని వాళ్ల గురించి రాయకూడదంటారు. అది తగ్గేదాకా ఆగితే ఈ నాలుగు మాటలు ఎప్పటికీ రాయలేనేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

మా అత్తమ్మ నేతింటి మనిషి. ఇంట్లో మగవాళ్లు మగ్గం మీద చీర నేస్తుంటే, ఆమె రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. కండె అంటే నాడెలో, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే చెక్కలో, పెట్టే చిన్న పుల్ల, దాని నిండా దారం చుట్టాలి. బడి మొహం చూడలేదు. తెలుగు, కాస్త కన్నడం, బజారులో పనికొచ్చేంత ఉర్దూ, అంతే. అలాంటి మనిషి అమెరికా వాళ్ల రెజ్లింగ్‌కు ప్రాణం పెట్టేదంటే మీకు నవ్వు రావచ్చు. వస్తే నవ్వండి, మా వీధిలో నవ్వనివాళ్లు లేరు. మంగళవారం పొద్దున ఆ ప్రోగ్రాం వచ్చేది. వాళ్లకది సోమవారం రాత్రట. ఆమె మాత్రం తనకోసమే పొద్దున పెట్టారని అనుకునేది.

నేను కల్వకుర్తి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో మా ఇద్దరికీ మాటలు తక్కువ. ఉప్పుందా, నీళ్లొచ్చాయా, అంతవరకే. ఒక మంగళవారం ఆమె టీవీ ముందు కూర్చుని కండెలు చుడుతోంది. తెర మీద ఒక లావుపాటివాడు మైకు పట్టుకుని గొంతు చించుకుంటున్నాడు. "ఏమంటుండు వీడు," అని ఆమె టీవీనే అడిగింది. వంటింట్లోంచి నేను, "నిన్ను వదిలిపెట్టను, వచ్చేవారం నీ పని చెప్తా అంటున్నాడత్తమ్మా," అన్నాను. రాట్నం ఆగిపోయింది. "నీకు తెలుస్తదా వాళ్ల మాట?" అంది. కొంచెం కొంచెం అన్నాను. "ఇట్ల రా, కూసో. కూర మల్ల చేసుకుందువు," అని పక్కన చాప పరిచింది. ఆ రోజు మా ఆయన మగ్గం దిగేసరికి వంట కాలేదు.

నా ఇంగ్లీషు గొప్పదేమీ కాదు. డిగ్రీ అయితే చదివాను గానీ, ఆ మైకు మాటల్లో సగం నాకు అందేవి కావు. అందని చోట కల్పించేదాన్ని. ఆ సంగతి ఇవాళ మీ ముందు ఒప్పుకుంటున్నాను. కానీ నాకు ఇంగ్లీషు వచ్చునని ఆ ఇంట్లో మొదట నమ్మిన మనిషి ఆమే. బడిలో పంతులమ్మ ఉద్యోగం ఉందని తెలిసి నేను పోతానంటే మా ఆయన నసిగాడు. అప్పుడు ఆమె, "అంత దూరపోళ్ల మాట నాకు తెలుగుల చెప్తుంది, పిల్లలకు చెప్పలేదారా? పోనియ్యి," అంది. ఇప్పటికీ అదే బడిలో మూడో తరగతికి చెప్తున్నాను. ఆ మేలు నేను మరిచిపోలేదు.

ఆమెకు ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండేది, అడిగినా అడగకపోయినా చెప్పేది. మైకు పట్టుకుని అరగంట మాట్లాడేవాళ్లంటే ఒళ్లు మంట. "కొట్లాడనీకి వచ్చినవా, పంచాయతి చెప్పనీకి వచ్చినవా? నీ మాట అయ్యేలోపల నాకు నాలుగు కండెలైనయి," అనేది. సరిగ్గా ఎవడో దొంగదెబ్బ తీసే సమయానికే అటు తిరిగే రెఫరీని చూసి, వాడికి మెడ పట్టేసిందేమో, ఇటు తిరగదు అనేది. ఆడవాళ్ల కుస్తీ మూడు నిమిషాల్లో ముగించేస్తే మనసు కష్టపెట్టుకునేది. "నీళ్లు తాగొచ్చేసరికి అయిపాయె. ఆడోళ్లు అంత దూరం తయారై వచ్చింది దీనికేనా?" అని అడిగేది. ఏడాదికి ఒకసారి వచ్చి బెల్టు ఎత్తుకుపోయే పెద్ద స్టార్ల విషయంలో మా ఇద్దరిదీ ఒకే మాట. వారం వారం నడుం విరగ్గొట్టుకునే కుర్రవాణ్ని పక్కనపెట్టి, పండగకొచ్చిన అల్లుడికి వడ్డించినట్టు వాడికి వడ్డించడమేమిటని నాకు ఇప్పటికీ మంటే.

అంతా నాటకమని మా ఆయన వెక్కిరించేవాడు. "ఎవడు గెలుస్తడో ముందే రాసుకుంటరమ్మా. నువ్వెందుకు పరేషాన్ అయితవు?" అనేవాడు. ఆమె రాట్నం ఆపకుండానే జవాబిచ్చేది. "గెలుసుడు నాటకమే అనుకో. పడుడు నాటకమా? నువ్వు ఆ తాడు మీదికెక్కి ఒక్కపాలి కింద పడి లేసి చూపియ్యి, అప్పుడు నమ్ముత." మా ఆయన ఎప్పుడూ పడి చూపించలేదు.

ఆమెకు ప్రాణమైన జోడీ ఒకటి ఉండేది. వాళ్ల అసలు పేర్లు ఆమెకు నోరు తిరిగేవి కావు, కాబట్టి ఒకడు జడలోడు, ఇంకొకడు గుండోడు. అన్నదమ్ములు కారు, చుట్టాలూ కారు. ఏడేళ్లు కలిసి ఆడారు. జడలోడు కిందపడితే గుండోడు చేయి చాచి నిలబడేవాడు. ఆ చేయి అందుకుంటే చాలు, మా ఇంట్లో రాట్నం ఆగేది. ఒక మంగళవారం జడలోడు ఇనుప కుర్చీ తీసుకుని వెనక నుంచి గుండోడి వీపు మీద కొట్టాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎందుకట్ల చేసిండు? ఏమంటుండు?" అని నన్ను కుదిపింది. వాడు మైకులో, నిన్ను మోసి మోసి అలసిపోయాను అన్నాడు. నేను కల్పించలేదు, ఉన్నదున్నట్టే చెప్పాను.

ఆమె ఆ పూట అన్నం తినలేదు. "ఒడలు, అంచు కుట్టు కలిపినంక మల్ల ఎవడన్న ఇప్పుతడా?" అని ఒకటే మాట. మా గద్వాల చీరలో ఒడలు, అంటే నడిమి బట్ట, నూలు, అంచు పట్టు; రెంటినీ మగ్గం మీదే పోగు పోగుకీ కలుపుతారు, అదే కుట్టు. సాయంత్రం నేను బడి నుంచి రాగానే మగ్గం దగ్గరికి తీసుకుపోయి, "ఇగ చూడొద్దు బిడ్డా. నేను చూడ, నువ్వు చూడొద్దు. ఒట్టు పెట్టు," అంది. ఇద్దరం మగ్గం మీద చేతులు పెట్టి ఒట్టు పెట్టుకున్నాం. నవ్వులాటకు కాదు. నేతింట్లో మగ్గం మీద ఒట్టు నవ్వులాటకు పెట్టరు.

ఆరేళ్లు నిలబెట్టుకున్నాను. మంగళవారం పొద్దున్నే టీవీ ముందు నుంచి లేచి పోయేదాన్ని. బడిలో పిల్లలు రెజ్లింగ్ ముచ్చట మొదలుపెడితే ఎక్కాలు అప్పజెప్పమనేదాన్ని. నాకు చూడాలని ఉండేది కాదనుకున్నారా? ఉండేది. ఎన్నోసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పక్కన పెట్టాను. నిరుడు నాగర్‌కర్నూల్‌లో చుట్టాల పెళ్లికి పోయాం. భోజనాల హాల్లో గోడకున్న టీవీలో అదే ప్రోగ్రాం. నేను కుర్చీ తిప్పుకుని గోడకు ముఖం పెట్టి అన్నం తిన్నాను. అత్తమ్మ కూడా నా పక్కన కుర్చీ తిప్పుకుంది. "మనకెందుకు బిడ్డా ఆ దొంగనాయాళ్ల ముచ్చట," అంది. ఇద్దరం గోడను చూస్తూ తిన్నాం. మా ఇద్దరికే తెలిసిన సంగతి ఇది అని ఆ రోజు నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఇక పదకొండో రోజు. దినాలకు వచ్చినవాళ్లు భోజనాలు చేసి వెళ్లారు. నేను, నా తోడికోడలు గిన్నెలు తోముతున్నాం. ఆమె మంచిది, అమాయకురాలు, ఆమె మీద నాకేమీ లేదు. అత్తమ్మ నెలకు పది రోజులు వనపర్తిలో చిన్నకొడుకు దగ్గర ఉండేది. ఆ రోజుల సంగతులు తలుచుకుంటూ ఆమె అంది, "మంగళారం వస్తె నాకు భయమైతుందక్కా. టీవీ పెట్టబుద్ధయితలేదు. ఒక్క వారం ఇడిసిపెట్టకపోయేది గదా అత్తమ్మ."

ఏం టీవీ అని అడిగాను.

"కుస్తీలక్కా. మా ఇంట్ల ఉంటె టీవీల చూసేది. ఈడికొచ్చినప్పుడు పోయినవి ఉంటయి గద, అవన్ని మల్ల వచ్చినంక నా ఫోన్ల పెట్టిచ్చుకునేది. నాకు ఇంగ్లీషు రాదాయె, ఆమెనే తెలుగుల చెప్పేది. నీకు తెల్వదు పిల్లా, నాకు తెలుసు, ఇను అని." ఆమె నవ్వింది. "రెండేండ్ల కింద ఆ జడలోడు, గుండోడు కలిసిన్రు గద. ఆ రోజు ఎంత ఏడ్సిందో. సేమియా పాయసం చేయించి ఇంటింటికి పంపిచ్చింది."

నా చేతిలో గిన్నె ఉంది. తోమినదాన్నే మళ్లీ తోమాను. వాళ్లు కలిశారు. రెండేళ్లయింది. ఆమె పాయసం పంచిపెట్టింది. తర్వాత బస్సెక్కి గద్వాలకు వచ్చి, నా పక్కన కూర్చుని, కండెలు చుట్టుకుంది. నాగర్‌కర్నూల్ పెళ్లిలో గోడకు ముఖం పెట్టి కూర్చున్నప్పుడు ఆమెకు అన్నీ తెలుసు. ఆమె కోసం నేను జడలోణ్ని ఆరేళ్లు తిట్టుకున్నాను. అందులో రెండేళ్లు ఒక్కదాన్నే తిట్టుకున్నాను.

ఎలా కలిశారట అని అడిగాను. గుండోణ్ని ముగ్గురు కలిసి కొడుతుంటే జడలోడు వచ్చి అడ్డం పడ్డాడట, చేయి చాచాడట, గుండోడు అందుకున్నాడట. అంతే. నాలుగేళ్ల ద్రోహం పది నిమిషాల్లో తుడిచిపెట్టారు. ఒక్కసారైనా తప్పయిందన్నాడా అంటే, అనలేదట. రెజ్లింగ్ చూసినదానిగా చెప్తున్నాను, అది చెత్త కథ. మేము చూసే రోజుల్లోనే నెలకొకడి చేత వెన్నుపోటు పొడిపించి, పై నెల కౌగిలించుకోబెట్టి, పగకూ విలువ లేకుండా చేశారు, స్నేహానికీ విలువ లేకుండా చేశారు. మైకు వాళ్లను, రెఫరీలను అంతలేసి మాటలన్న మా అత్తమ్మ దీన్ని ఒప్పుకోవాల్సింది కాదు. నేను పక్కన ఉంటే ఒప్పుకోనిచ్చేదాన్ని కాదు. అందుకేనేమో నన్ను పక్కన ఉంచుకోలేదు.

నాకెందుకు చెప్పలేదో నేను అడక్కముందే తోడికోడలు చెప్పింది. "అక్కకు ఫోన్ జేసి చెప్పనా అంటె వద్దన్నది. 'పెద్దకోడలు మాట మీద నిలబడ్డది, నేను నిలబడలే. ఏం మొకం పెట్టుకొని చెప్పాలె' అన్నది."

ముఖం పెట్టుకోవడం ఎవరు అడిగారు? ఒట్టు పెట్టించింది నువ్వు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన బిడ్డా, అని నువ్వొక్క మాటంటే చాలు, మళ్లీ నీ పక్కన చాప పరుచుకునేదాన్ని. నీ తప్పు నేను అడిగేదాన్నే కాదు. ఆరేళ్లలో నీకు ఆ మాట రాలేదు. నీకు సిగ్గుగా ఉందని నన్ను గోడవైపు కూర్చోబెట్టావు. నీ మంగళవారాలు నువ్వు ఉంచుకున్నావు, నావి పోయాయి. మన ఇద్దరిదే అనుకున్నది ఇంకొకరికి ఇచ్చి, నాకు ఒట్టు ఒక్కటి మిగిల్చిపోయావు. ఇంకెవరు తీయాలి దాన్ని? పెట్టించినవాళ్లు తీస్తేనే తీసినట్టు.

మొన్న మంగళవారం పొద్దున తోడికోడలు వీడియో కాల్ చేసింది. "అక్కా, జడలోడు, గుండోడు వస్తున్నరు. టీవీ దిక్కు తిప్పుతున్న, చూడు జర," అంది. వద్దనేలోపే తిప్పింది. నేను ఫోన్‌ను మంచం మీద బోర్లా పెట్టాను. కాల్ కట్ చేయడానికి మాత్రం చేయి రాలేదు. పరుపు లోపలి నుంచి జనం అరుపులు వస్తున్నాయి. తర్వాత ఎవరో మైకు పట్టుకున్నారు. ఆరేళ్లయినా ఆ గొంతు పోల్చుకున్నాను, జడలోడు. "ఏమంటుండక్కా?" అని తోడికోడలు అడిగింది. నాకు ప్రతి మాటా అర్థమవుతోంది, ఈసారి ఒక్కటీ కల్పించాల్సిన పని లేదు. నేను చెప్పలేదు. "అక్కా, ఉన్నవా?" అంది. ఉన్నానన్నాను. బడికి వేళ మించిపోతోంది. నేల మీద కూర్చుని, ఫోన్ తిరగబడకుండా దాని వీపు మీద అరచేయి పెట్టి అదిమి పట్టుకున్నాను. జనం అరిచినప్పుడల్లా చేతికి తెలుస్తోంది.