మూడు మక్కగింజలు, రెండు చింతగింజలు

మా వదిన పోయింది. తెలంగాణ రాష్ట్రం వచ్చి నెల తిరగలేదు. కొత్తూరులో ఎరువుల దుకాణం ముందు నిలబడి బేరం చేస్తుంటే అన్న కొడుకు ఫోన్ చేసి, "చిన్నబాపూ, అమ్మ లేదు" అన్నాడు. నేను "ఏడికి పోయింది రా?" అని అడిగాను. దవాఖానలో ఉన్న మనిషని ఆ క్షణాన తట్టలేదు, అయినా మరీ అంత తెలివితక్కువ ప్రశ్నేం కాదది. కాళ్లు బాగున్నన్నాళ్లు ఆ వేళకు ఆమె గిన్నెలో కూర పెట్టుకుని బస్సెక్కి రావిర్యాలలో ఉండే మా తమ్ముడింటికి పోయేది. పిల్లవాడు ఏడుస్తుంటే గానీ నాకు అర్థం కాలేదు.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, మంచికి కొదవలేని మనిషి. ఆమె నా కంటే ఏడేళ్లే పెద్దది, అయినా మా అమ్మ పోయాక నా జ్వరాలన్నీ ఆమే చూసింది. ఆమె వండిన అన్నం ముప్పై అయిదేళ్లు తిన్నాను. ఆ నోటితోనే చెప్తున్నాను: ఆమె మమ్మల్ని మోసం చేసింది. ఆ సంగతి ఆమె పదకొండో రోజున బయటపడింది. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు, మనసారా ఏడుద్దామంటే ఆ మోసం అడ్డం వస్తోంది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. శంషాబాద్‌లో మేం ముగ్గురు అన్నదమ్ములం, నేను నడిపివాణ్ణి. మా ముగ్గురి భార్యలు, పిల్లలు, ఒకటే పొయ్యి. ఒకప్పుడు ఏ నిర్ణయమైనా ముందరి అరుగు మీద మేం ముగ్గురమే చేసేవాళ్లం. మా భార్యలు, ఆ యారాండ్లు ముగ్గురూ, తలుపు వెనక నిలబడి వినేవారు. ఒకసారి బర్రెను కొనాలా, బావికి మోటరు పెట్టాలా అన్న మాట వచ్చింది. మేం బర్రె అని తేల్చుకుని లేవబోతుంటే వదిన ఒక సన్నమూతి ఇత్తడి చెంబు పట్టుకుని అరుగు మీదికి వచ్చింది.

"మీరు ముగ్గురు మాట్లాడుకుంటే ఒక మాటయితది. బర్రెకు గడ్డి కోసేది మేము, పేడ తీసేది మేము, నీళ్లు చేదేది మేము. మా మాట ఏడ వడ్డది?"

"మాట్లాడుండ్రి, ఎవలొద్దన్నరు?" అన్నాడు అన్న.

"బావల ముందర వాళ్లకు నోరొస్తదా? గింజకైతే సిగ్గుండది."

అట్లా మొదలైంది. మక్కగింజ, అదే మొక్కజొన్న గింజ, వేస్తే 'కానియ్యి' అని, చింతగింజ వేస్తే 'వద్దు' అని. రెండూ చేతిలో పట్టుకుని, పిడికిలి చెంబు మూతిలో పెట్టి, ఒకటి వదలాలి. ఆమె మాత్రం వెయ్యదు, లెక్కపెట్టేవాళ్లు వెయ్యకూడదట. చెంబు లోపలికి తీసుకుపోయి చాటలో ఒంపుకుని చూసి వచ్చి చెప్పేది. పడ్డ చప్పుడును బట్టి ఏ గింజో తెలిసిపోతుందని చెంబు అడుగున తన పాత చీర ముక్క గుండ్రంగా కత్తిరించి వేసింది. ఇంకొక కట్టుబాటు పెట్టింది: "ఏమేసినవని ఒకల్నొకలు అడుగొద్దు. అడిగినోళ్లకు ఆ పూట బువ్వ లేదు." ఆ రోజు బర్రె ఓడిపోయింది, మోటరు గెలిచింది.

ఇక్కడ కాస్త పక్కకు పోతాను, ఓపిక పట్టండి. నేను చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా పల్లీల పొట్లాల కాగితాల మీద, రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాలలో రైతులకు పెట్టే శిక్షణల్లో వెనక బెంచీ మీద. ఒకసారి అక్కడ ఒక పెద్దసారు, "మీ ఇళ్లల్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?" అని అడిగాడు. మగవాళ్లందరూ "మేమే" అన్నారు. నేను లేచి, "మా ఇంట్ల చెంబు తీస్తది సార్" అన్నాను. హాలంతా నవ్వింది. సారు నవ్వలేదు. నన్ను బోర్డు దగ్గరికి పిలిచి అంతా చెప్పించుకున్నాడు. ఇల్లంటే ఒకే మనసున్న మనిషి కాదని, లోపల బేరాలుంటాయని, గట్టిగా అరవగలిగినవాడి మాటే ఇంటి మాటగా చలామణీ అవుతుందని, మీ వదినగారు దానికి విరుగుడు కనిపెట్టిందని అన్నాడు. ఆ పొగడ్తను నేను ఇరవై ఏళ్లు పెళ్లిళ్లలో, బస్సుల్లో, మంగలి దుకాణంలో చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు తలచుకుంటే చెవులు కాలుతున్నాయి.

ఇక తోట సంగతి. రోడ్డవతల మా ద్రాక్షతోట ఉండేది. పందిరి నిలబెట్టే రాతి కడీలు నేనూ తమ్ముడూ భుజాల మీద మోసి పాతాం. తీగ పందిరెక్కిన ఏడాది నా కూతురు పుట్టింది. ఎవరు ముందు నడక నేర్చారో ఇప్పటికీ చెప్పలేను. రెండు వేల ఎనిమిదిలో విమానాలు దిగడం మొదలైంది. మా పందిరి మీద నీడ పడి పోయేది. ఆ తరువాత తెల్లకార్లు కూడా దిగడం మొదలైంది. మరో రెండేళ్లకు ఒకాయన తోట అడిగాడు. అన్నకు అమ్మాలని ఉంది. నాకు లేదు. ఆ సంగతి ఊరంతా వినేలా చెప్పాను. తమ్ముడు కడీకి ఆనుకుని నిలబడి, "అన్నా, పానం పోయినా నాది చింతగింజనే" అన్నాడు.

ఎండాకాలం, మధ్యాహ్నం అన్నాలయ్యాక చెంబు తిరిగింది. వేసింది అయిదుగురం: అన్న, నేను, నా భార్య, తమ్ముడు, అతని భార్య. వదిన లోపలికి పోయి వచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు.

"మూడు మక్కలు, రెండు చింతగింజలు. తోట అమ్ముడే" అని, "ఛాయ్ పెడుత" అని మళ్లీ లోపలికి పోయింది.

నేను వేసింది చింతగింజ. నా భార్య కూడా చింతగింజే వేశానని ఒట్టు పెట్టింది. రెండూ మావే అయితే, మిగిలిన మూడు మక్కలు ఎవరివో లెక్క కట్టడానికి ఏడో తరగతి కూడా అక్కర్లేదు. తమ్ముడు మాట తప్పాడు. అడగడానికి కట్టుబాటు అడ్డం. అడగలేదు. మాట్లాడటం మానేశాను. వింతేమిటంటే అతనూ మానేశాడు. తప్పు చేసినవాడికి ఇంత పొగరా అనుకున్నాను.

ఏడాది తిరగకుండా తమ్ముడు పొయ్యి వేరు చేశాడు. ఆ తరువాత రావిర్యాలలో కిరాయి ఇల్లు చూసుకున్నాడు. సామాను ఎక్కించే రోజున వదిన మామిడికాయ తొక్కు జాడీకి గుడ్డ కడుతూ నన్ను పిలిచింది.

"మరిదీ, జర తమ్ముణ్ణి ఆపరాదు?"

"మాట తప్పినోన్ని నేను ఆపుత?"

ఆ మాట ఆమె విన్నది. బాగా విన్నది. చేతిలో ముడి ఆగింది. ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, "గుడ్డ చిన్నగైంది" అని జాడీ తీసుకుని లోపలికి పోయింది. ఇన్నాళ్లూ ఆ జాడీ నాకు గుర్తు కూడా లేదు. ఇప్పుడు కళ్లు మూస్తే అదే.

ఆమె నిర్ణయం తప్పని నేను అనలేను, అదే నా బాధ. ఆ చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయాయి. తోట డబ్బుతో కొత్తూరు అవతల మూడింతల భూమి వచ్చింది, ఇంటి వెనక గదులు లేచాయి, విమానాశ్రయంలో పనిచేసే పిల్లలు కిరాయికి దిగారు. మా తోట ఇప్పుడు కార్లు నిలబెట్టే జాగా. రాతి కడీలు మాత్రం గోడగా మిగిలాయి. ఆమె లెక్క సరైనదే. గింజల లెక్కే తప్పు.

చివరి రోజుల్లో దవాఖానలో ఆమె పక్కన నేనే కూర్చున్నాను. ఒకనాడు కళ్లు తెరిచి, "చెంబు మీద మూత వెట్టిండ్రా? బల్లులు వడ్తయ్" అంది. ఏదో చెప్పడానికి అదొక మొదలేమో అని ఇప్పుడు అనుకుంటున్నాను. బల్లుల గురించే అయి ఉండొచ్చు కూడా.

పదకొండో రోజున చుట్టాలు పోయాక మేమే మిగిలాం. ముందరి గదులు మెస్సు పెట్టుకోవడానికి ఒకతను అడుగుతున్నాడని అన్న చెప్పి, అలవాటుగా చెంబు తెచ్చి నడుమ పెట్టాడు.

"దాన్ని నా ముందర వెట్టకు పెద్దన్నా" అన్నాడు తమ్ముడు. "దానిల ఏసి ఏసి శాన జూసిన."

నా నోరు ఊరుకోలేదు. "నీకేం రా, నోటితోని ఒకటి చెప్పి చేతితోని ఇంకోటి ఏసేటోనివి."

"ఎవలు? నేనా?" లేచి నిలబడ్డాడు. "నేను, మా ఇంటామె, ఇద్దరం చింతగింజలే ఏసినం. మక్కలేసింది మీరు, ఆలుమగలు! తోట అమ్మొద్దని ఊరంత ఒర్లి, చెంబుల మక్కలేసి..."

నా భార్య చేతిలో గిన్నె కింద పెట్టింది. "నా బిడ్డ మీద ఒట్టు. నేనేసింది చింతగింజనే."

అందరం వేళ్లు మడుచుకున్నాం. నాలుగు చింతగింజలు. అన్న తల వంచుకున్నాడు.

"మక్కేసింది నేనొక్కన్నే" అన్నాడు. "ఆమె మూడని చెప్పినప్పుడే నాకు అనుమానమొచ్చింది. ఆ రాత్రి గదేంది అని అడిగితె ఒప్పుకున్నది. 'నేను అమ్ముమంటె నన్ను తిడుతరు. చెంబు జెప్తె ఎవల్నీ తిట్టరు' అన్నది."

తమ్ముడి భార్య గోడకు పెట్టిన వదిన ఫోటో వైపు తిరిగింది. పెళ్లయిన నాటి నుంచి బావల ముందు పెదవి విప్పని పిల్ల. "అవునక్కా, ఎవల్నీ తిట్టలే" అంది. "మాలో మేమే తిట్టుకున్నం."

ఆ మూడు, రెండు అన్న అంకెల్ని ఆమె ఎంత ఆలోచించి ఎంచుకుందో చూడండి. నాలుగు, ఒకటి అని చెప్పి ఉంటే అక్కడికక్కడే దొరికిపోయేది. మూడు, రెండు అంటే మా రెండు జంటల్లో ప్రతి జంటా ఆ రెండూ తమవే అనుకుంటుంది, దొంగ అవతలి జంట అనుకుంటుంది. బహుశా అంత ఆలోచించలేదేమో. నోటికి ముందొచ్చిన అబద్ధమేమో. కానీ ఆ అబద్ధం మా మధ్య పనిచేస్తుంటే నాలుగేళ్లు చూస్తూ కూర్చుంది. రెండిళ్లకూ కూరలు మోసింది గానీ ఒక్క మాట మోయలేకపోయింది. ఇప్పుడు నాకు మోటరు మీద కూడా అనుమానం. నా కూతుర్ని పట్నంలో చదివించాలని పడ్డ గింజలు నిజంగా పడ్డాయా? నా జీవితంలో మేం తీసుకున్నవేవి, ఆమె తీసుకున్నవేవి? ఆడవాళ్లకు నోరిచ్చిన మనిషే ఆ నోటిమాట మార్చింది. ఆ చెంబును నమ్మినట్టు నేను దేవుణ్ణి కూడా నమ్మలేదు.

సాయంత్రం తమ్ముడు, నేను అరుగు మీద కూర్చున్నాం. నాలుగేళ్ల తరువాత ఏం మాట్లాడాలో తెలియక నేనే అడిగాను.

"తమ్మీ, ఇంటికొస్తవా?"

అతను చెంబు తీసుకుని తలకిందులు చేసి తట్టాడు. గుండ్రటి చీర ముక్క కింద పడింది. ఆకుపచ్చది, అంచు నలిగి నూలుపోగులు లేచాయి. దాన్ని పక్కన పెట్టి, పక్కనున్న గింజల గంపలోంచి ఒక గింజ తీసి, అరచెయ్యి చాపి నాకు చూపించాడు. మా ఇంట్లో దాపరికం లేకుండా పడబోతున్న మొదటి గింజ.

చింతగింజ.

"పిల్లలకు ఆడ బడి అలవాటైంది అన్నా" అన్నాడు మెల్లగా. "ఐతారం ఐతారం, బడి లేని నాడు, వస్త."

చెయ్యి వంచాడు. గుడ్డ లేని ఇత్తడి మీద గింజ ఖంగున మోగింది. లోపల గిన్నెలు కడుగుతున్న ఆడవాళ్ల చేతులు ఆగాయి.