అచ్చుతప్పు బావ

ఇంగ్లీషు వచ్చినవాడికి పిల్లనివ్వాలని మా వాళ్ళకు కొత్తగా మోజు పుట్టిన రోజులవి. నాకు వచ్చినవి లెక్కలు. అవీ బడిలో కాదు, హైదరాబాదు ఉస్మాన్‌గంజ్ దుకాణంలో బెల్లం బస్తాల మధ్య కూర్చుని సొంతంగా నేర్చినవి. మేనత్త కూతురిని నాకే ఇస్తారని మొదటినుంచీ అనుకున్నదే. కానీ ఆ ఏడు, కచేరీలో ఇంగ్లీషు కాగితాలు రాసే గుమాస్తా సంబంధం ఒకటి రాగానే అత్త నసగడం మొదలుపెట్టింది. దాంతో నేనొక పాత ఇంగ్లీషు ప్రేమ నవల కొని, నిఘంటువు సాయంతో చదివి, శుక్రవారం జుమ్మా సెలవునాడల్లా హుస్సేనీ ఆలంలో అత్త ఇంటి వాకిట్లో తెలుగులో చెప్పసాగాను. (ప్రేమ సంగతి తెలియాలని కాదు, నాకూ ఇంగ్లీషు వచ్చని తెలియాలని.)

వినేవాళ్ళు అత్తా, పక్కింటి ఖాలా, తలుపు వెనక బియ్యం చెరుగుతూ మరదలూ. లండన్‌ను హుస్సేనీ ఆలంలో దింపేశాను. దొరల విందును దావత్ చేశాను, గుర్రబ్బండిని టాంగా చేశాను. చిక్కల్లా ‘కజిన్’ అనే మాట దగ్గర వచ్చింది. కథలో పిల్లకు ఒక కజిన్ ఉన్నాడు. వాడు అన్నా, బావా? నిఘంటువు రెండూ అంటుంది. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే కనుక బాబాయి కొడుకేనని లెక్క తేల్చి, ‘అన్న’ అని చెప్పేశాను. వారం వారం ఆ అన్న ఆమెకు గొడుగు పట్టాడు, పూలు తెచ్చాడు, జ్వరమొస్తే కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

“అన్నంటె గట్లుండాలె,” అని అత్త ముక్కు చీదేది.

ఒక జుమ్మానాడు పేజీ తిప్పితే, అన్నగారు తోటలో మోకాలి మీద కూర్చుని పెళ్ళిచేసుకోమంటున్నాడు. (ముందే చదివి పెట్టుకోవలసింది, దుకాణంలో పని పడింది.) చదివింది చదివినట్టే చెప్పేశాను.

“ఏందిరా? చెల్లెను లగ్గం చేస్కుంటడా? థూ!” అంది అత్త.

“అరే, చాచా కా బేటా హై తో క్యా హువా? హమారే యహాఁ తో పహ్లా హక్ ఉసీచ్ కా!” అని నవ్వింది ఖాలా. (బాబాయి కొడుకైతే ఏమైందని; వాళ్ళ ముస్లింలలో అతనికే మొదటి హక్కు.)

“మీకు నడుస్తది ఖాలా, మాకు నడుస్తదా? గిసొంటియి సదివేటోనికి పిల్లనెట్ల ఇస్త? గా గుమాస్తకే కబురు పంపుత!”

తలుపు వెనక చేట చప్పుడు ఆగింది. “అన్న కాదమ్మా, మేనమామ కొడుకు. బావకు ఇంగ్లీషు మంచిగ రాదు.”

నా ఇంగ్లీషును అంటే ఊరుకుంటానా? “ఎందుకు రాదు? ఇద్దరి ఇంటిపేరు ఒక్కటే, సూడు!” అని పుస్తకం పట్టుకుని లేచాను.

“అది అచ్చుతప్పు,” అంటూ మరదలు తలుపు ఇవతలికి వచ్చి నిలబడింది. ఆ చూపుతో నాకు కూడా అర్థమైంది.

“అచ్చుతప్పే అత్తా,” అన్నాను.

అత్త తన కూతురి మొహం కేసి చూసింది. “మేనమామ కొడుకైతె ఇంకేం ఫికర్? మొదలే చెప్పొద్దార? పరేషాన్ చేస్తివి. మరి, ఆ పిల్ల ఏమన్నది?”

నేను కంగారుగా పేజీలు తిప్పుతుంటే, “హాఁ అన్నది,” అని చేట కింద పడేసి లోపలికి పరుగెత్తింది మరదలు.

పుస్తకం అక్కడే మూసేశాను. రాసినాయన చివరికి ఆ పిల్లను ఎవరికిచ్చాడో ఇప్పటికీ తెలియదు. అప్పుడప్పుడు తీసి చూడాలనిపిస్తుంది కానీ, నాకు ఇంగ్లీషు మంచిగా రాదని మా ఇంట్లో ఏనాడో తేలిపోయింది. చూసి చెప్పినా నమ్మేదెవరు?